బొంబాయి మిల్లుల నేల



ప్రపంచ వాణిజ్యము బొంబాయికి 1991లో వచ్చిన క్రొత్త చుట్టము కాదు. 1861-65 నడుమ అమెరికా అంతర్యుద్ధము వలన ఆ దేశపు ప్రత్తి ఇంగ్లండుకు అందకపోగా, ఆ లోటు పూరించి ఈ నగర వర్తకులు అపార ధనము గడించిరి. అంతకు పూర్వమే మొదటి నూలు మిల్లు వెలసినది. క్రమముగా పరేలు, లాల్‌బాగు, వర్లీ ప్రాంతములకు 'గిరణ్‌గావ్', అనగా మిల్లుల ఊరు, అను పేరు స్థిరపడినది.

ఆ ఊరికి కొంకణస్థులతోపాటు కరీంనగరము, నల్లగొండ వంటి జిల్లాల పద్మశాలీలును వచ్చిరి. ఒక్క చాల్ గదిలో పదిమంది. రాత్రి షిఫ్టువాడు లేచిన చాపపై పగటి షిఫ్టువాడు పరుండెడివాడు. భోజనము ఖానావళులలో. ఇరుకు బ్రదుకే గాని, ఆ జీతముపై స్వగ్రామమున కుటుంబము నిలిచెడిది. స్థిరమైన కొలువు దొరకినచో యూనియను, జీతముతో సెలవు, ప్రావిడెంటు ఫండు ఉండెడివి. వాని విలువ ప్రభుత్వోద్యోగులకు వేరుగా చెప్పనక్కరలేదు. బదిలీ కూలీలకు అవియును లేవు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షల కార్మికులు సమ్మెకు దిగిరి. వారిలో వేలాదిమంది మరల మిల్లు గడప త్రొక్కలేదు. తెలుగు నేతగాండ్రు అనేకులు భివండీ మరమగ్గముల షెడ్లకు చేరిరి. అచ్చట పనిగంటలు హెచ్చు, కూలి తక్కువ. సమ్మెయే మిల్లులను చంపినదనుట సగము నిజము. యంత్రములు పాతబడినను క్రొత్తవి కొనని యజమానులు పెక్కుమంది. నేసిన బట్టకన్న క్రింది నేలయే వారికి విలువైనదిగా తోచినది.

1991లో విదేశీ పెట్టుబడులపై ఆంక్షలు సడలగా, బ్యాంకులు, కంపెనీలు కార్యాలయములకై చోటు వెదకినవి. ఆ సంవత్సరపు నగరాభివృద్ధి నిబంధన ప్రకారము మిల్లు భూమిలో రమారమి మూడవ వంతు ఉద్యానములకు, మూడవ వంతు ప్రజా గృహములకు, తక్కినది యజమానికి. ఎంత చక్కని పంపకము! 2001 సవరణ దానికొక మెలిక పెట్టినది: పంచవలసినది కట్టడములు లేని జాగా మాత్రమే. షెడ్లతో నిండిన మిల్లులో ఖాళీ జాగా ఎంత యుండును? 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించినది. లోయర్ పరేలులోని ఫీనిక్స్ మిల్లు నేడు వినోద, విక్రయశాలల సముదాయము.

నగర సంపద పెరిగినదనుటలో సందేహము లేదు. అయితే క్రొత్త కొలువులకు ఆంగ్లము, పట్టము కావలెను. అవి లేని కార్మికుని బిడ్డకు మిగిలినది ఆ మేడల వాకిట కాపలా, అదియును కాంట్రాక్టరు క్రింద. 2012లో మిల్లు కార్మికులకు మొదటిసారి లాటరీ తీసి సుమారు 7 వేల యిండ్లు కేటాయించిరి. దరఖాస్తు చేసినవారు లక్షకు పైగా. కార్మికుడు గతించిన యిండ్ల నుండి అతని భార్యయో, బిడ్డయో ఆ వరుసలో నిలిచిరి.