మనవడి ఉద్యోగం – తొంభై రోజుల లెక్క

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిలు, వైద్య బిల్లుల విషయం మాట్లాడడానికి మన కార్యదర్శిగారున్నారు. విదేశాల్లో మన పిల్లల ఉద్యోగాల గురించి చెప్పమని నాకు అప్పగించారు. నేను కంప్యూటరు చదివినవాణ్ణి కాను. ముప్పయ్యారేళ్లు గుమాస్తాగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం సర్వీసు రిజిస్టర్లు రాసే సీటు. రూల్సు చదవడం, తేదీలు లెక్కకట్టడం అప్పటి అలవాటు. ఆ అలవాటుతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది అన్ని దేశాలలోకీ మనవాళ్లదే మొదటి స్థానం. అందులో తెలుగు పిల్లలు చాలామంది. వారి ఫీజుల వెనుక మన గ్రాట్యుటీ, కమ్యుటేషను సొమ్ము, ఇంటి దస్తావేజులు ఉన్నాయి. కనుక అక్కడి నిబంధనలు మనకూ కొంత తెలియాలి.

ఎఫ్-1 వీసాపై వెళ్లి చదువు పూర్తిచేసినవారికి ఓపీటీ పేరున 12 నెలలు పనిచేసే అనుమతి ఇస్తారు. సైన్సు, ఇంజనీరింగు, కంప్యూటరు వంటి చదువులైతే మరో 24 నెలలు పొడిగింపు కోరవచ్చు. మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. పొడిగింపు వస్తే రెండూ కలిపి 150. శని, ఆదివారాలూ, పండుగలూ లెక్కలోకే వస్తాయి. కార్డు మీద వేసిన తేదీ నుంచే లెక్క మొదలు.

ఆపైన ఉండాలంటే కంపెనీ హెచ్-1బి వీసాకు దరఖాస్తు పెట్టాలి. ఏడాదికి 65,000, అక్కడ పెద్ద డిగ్రీ చేసినవారికి అదనంగా 20,000. మార్చిలో పేర్లు నమోదు, అక్టోబరు 1 నుంచి ఉద్యోగం. కోరేవారు ఎక్కువ గనుక లాటరీ. ఈ బాధ్యత ఎందుకని చాలా కంపెనీలు దరఖాస్తులోనే “ఇప్పుడుగాని, ముందుముందుగాని మీకు వీసా పెట్టవలసి ఉంటుందా?” అని అడుగుతాయి. నిజం చెబితే అక్కడే ఆపేసేవారున్నారు. పైగా 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసివేశాయి. అనుభవజ్ఞులే అదే వరుసలో నిలబడితే కొత్తవారి గతి ఏమిటో ఆలోచించండి.

మా మనవడు 2024 మే నెలలో ఎం.ఎస్. పూర్తిచేశాడు. కార్డు మీద తేదీ జూలై 1. అంటే తొంభయ్యో రోజు సెప్టెంబరు 28. వడ్డీతో అప్పు ముప్పై లక్షలు దాటింది. హామీ పెట్టింది నా ఇల్లు. యాభై ఎనిమిదో రోజున వాడు ఫోన్ చేశాడు. “తాతయ్యా, ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఉద్యోగం ఉన్నట్టు ఉత్తరం ఇస్తామంటున్నారు. పని ఉండదు, జీతం ఉండదు, డబ్బు మనమే కట్టాలి. రోజుల లెక్క మాత్రం ఆగుతుంది. నాన్న తీసుకోమంటున్నాడు. నువ్వేమంటావు?”

మా అబ్బాయిని తప్పుపట్టను. తండ్రి భయం అది. కాని నేను సర్వీసు రిజిస్టర్లు రాసినవాణ్ణి. రిజిస్టరులో దొంగ ఎంట్రీ పడిననాడు ఎవరికీ కనబడదు. ఇరవయ్యేళ్ల తరువాత పెన్షను కాగితాలు కదిలిననాడు ఆడిట్ వారు దాని మీదే వేలు పెడతారు. అమెరికాలోనూ అంతే. రేపు హెచ్-1బికి, ఎల్లుండి గ్రీన్ కార్డుకు ఈ రోజుల లెక్కంతా తిరగేసే అవకాశముంది. నేను వాడితో, “ఇల్లు పోతే అద్దెకుంటాం నాయనా. నీ కాగితంలో అబద్ధం చేరితే దాన్ని తీసేయడం ఎవరివల్లా కాదు. తొంభై రోజులూ అయిపోతే వచ్చెయ్, నీ మంచం నీకుంది” అన్నాను.

ఆ రాత్రి వాడు రూల్సు మళ్లీ చదువుకున్నాడట. చదివిన విషయానికి సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు నిజంగా చేస్తే, అది కార్మిక చట్టానికి విరుద్ధం కాకపోతే, మొదటి 12 నెలల్లో జీతం లేకపోయినా లెక్క ఆగుతుంది. తన ప్రొఫెసరుగారిని అడిగి సెప్టెంబరు 9 సోమవారం ఆయన ప్రయోగశాలలో చేరాడు. అప్పటికి 70 రోజులు ఖర్చు. అక్కడ చేసిన పని చూసి నవంబరులో ఒక చిన్న కంపెనీ తీసుకుంది. 2025 మార్చి లాటరీలో పేరు రాలేదు. పొడిగింపు గడువు 2027 జూన్ 30. ఆ తరువాత సంగతి నేను చెప్పలేను. కాని వాడు చూపించవలసిన ప్రతి కాగితమూ నిజమైనది.

ఇక పెద్దలకు నా మనవి.

మొదటిది: అక్కడి పెద్ద కంపెనీలు చాలావరకు మరుసటి ఏడాది కొత్తవారిని ఆగస్టు నుంచే ఎంచుకోవడం మొదలుపెడతాయి. పిల్లలు చదువు చివరి ఏడాది మొదట్లోనే దరఖాస్తులు పెట్టాలి. ఓపీటీకి కూడా చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందునుంచే అర్జీ పెట్టవచ్చు.

రెండవది: మనం ఏటా జీవన ప్రమాణ పత్రం ఇచ్చినట్టే, పొడిగింపులో ఉన్నవారు ప్రతి ఆరు నెలలకూ వివరాలు ధ్రువీకరించాలి. చిరునామా మారితే పది రోజుల్లో తెలపాలి. ఈ తేదీలు మన గోడ క్యాలెండరు మీదా రాసుకుందాం.

మూడవది: ఎఫ్-1 నుంచి హెచ్-1బికి మారే అర్జీ పరిశీలనలో ఉండగా దేశం దాటితే ఆ మార్పును వదులుకున్నట్టే. పెళ్లికి రమ్మని పిలిచేముందు ఆ సంగతి అడగండి.

నాలుగవది: ఉద్యోగం వస్తుందన్న ధీమాతో ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టేముందు, రాకపోతే పెన్షను మీద ఎంత వాయిదా కట్టగలమో కాగితం మీద వేసుకోండి.

చివరిది: రోజూ “ఉద్యోగం వచ్చిందా?” అని అడగకండి. వస్తే వాళ్లే చెబుతారు. “అన్నం తిన్నావా?” అని అడగండి. ఉద్యోగం రాకపోయినా ఇంటి తలుపు తెరిచే ఉంటుందని నోరు తెరిచి ఒక్కసారి చెప్పండి. ఆ మాట విన్న పిల్లవాడు దొంగ ఉత్తరం కొనడు.