జున్ను ఎందుకు తూలుతుంది? పసికందుగా వైరస్‌ని తట్టుకున్న కుక్కపిల్లల సంగతి

పోయిన ఎపిసోడ్‌లో నేను సీరియస్‌గా మాట్లాడుతుంటే వెనకాల ఒక కుక్క తూలుకుంటూ వచ్చి బీరువాకి గుద్దుకుంది. గుర్తుందా? "దానికేం తాగించావ్ బ్రో?" అని అందరూ ఒకటే నవ్వులు. దాని పేరు జున్ను. వయసు రెండున్నరేళ్లు. ఏమీ తాగలేదు. పుట్టిన పదకొండో రోజు చచ్చిపోవాల్సింది, బతికింది. ఇవాళ దాని కథే.

రాజమండ్రిలో మా పిన్ని వాళ్లింట్లో రాణి అని ఒక లాబ్రడార్ ఉంది. సంక్రాంతి అయిన రెండు వారాలకి ఏడు పిల్లల్ని పెట్టింది. పది రోజులు అన్నీ బొద్దుగా, పాలు తాగి పడుకోవడం, లేచి తాగడం. పదకొండో రోజు పొద్దున్న ఒకటి ఏడుపు మొదలెట్టింది. మామూలు కుయ్ కుయ్ కాదు, ఆపకుండా ఏడుపు. పాలు పట్టదు, పొట్ట ముట్టుకుంటే ఇంకా ఏడుస్తుంది. సాయంత్రానికి మూడు అలాగే అయ్యాయి. రెండు రోజుల్లో ఐదు పోయాయి. బాబాయ్ పెరట్లో జామచెట్టు కింద గొయ్యి తవ్వి, పూడ్చి, మళ్లీ తవ్వాడు.

పిన్ని ముందు దిష్టి అంది. తర్వాత రాణి పాలు విషమయ్యాయంది. మిగిలిన రెండింటినీ తల్లి దగ్గర నుంచి తీసేసి డబ్బా పాలు పడదామని రెడీ అయిపోయింది. వెటర్నరీ డాక్టర్ గారు వచ్చి ఆపారు. చూసిన లక్షణాలు, వయసు, చనిపోయిన వేగం బట్టి ఆయన కనైన్ హెర్పిస్ వైరస్ అని అనుమానించారు. ల్యాబ్ టెస్ట్ మేం చేయించలేదు, అప్పటికే పూడ్చేశాం.

హెర్పిస్ అనగానే కంగారు పడకండి. ఇది కుక్కల హెర్పిస్, మనుషులకి రాదు. 1965లోనే దీని గురించి రాశారు, కొత్తదేం కాదు. పెద్ద కుక్కకి వస్తే కాస్త ముక్కు కారుతుంది, చాలాసార్లు అదీ ఉండదు. అదే వైరస్ మూడు వారాల లోపు పిల్లకి వస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. ఎందుకంటే ఈ వైరస్‌కి చల్లదనం ఇష్టం. పెద్ద కుక్క ఒంటి వేడి 38 డిగ్రీల పైనే, అక్కడ అది సరిగ్గా పెరగలేదు. పసిపిల్ల ఒంటి వేడి 35 నుంచి 37 మధ్య ఉంటుంది, పైగా తన వేడి తాను కాపాడుకోలేదు. వైరస్‌కి అంతకన్నా మంచి ఇల్లు ఏముంటుంది? మా పిన్ని వాళ్లు పిల్లల్ని పెట్టింది వెనక వరండాలో, టైల్స్ మీద, ఒక పాత దుప్పటి వేసి. ఫిబ్రవరి మొదట్లో గోదావరి పక్కన రాత్రిళ్లు ఎలా ఉంటాయో అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

అందుకే పుట్టిన మొదటి వారం పిల్లలున్న చోట 30 డిగ్రీల దాకా వేడి ఉండాలంటారు. బల్బు ఒక మూలకే పెట్టండి, మరీ వేడెక్కితే ఇంకో మూలకి జరుగుతాయి. లక్షణాలు మొదలయ్యాక వేడి పెట్టినా పెద్దగా ప్రయోజనం ఉండదు, ముందే ఉండాలి.

సరే, బతికిన రెండు. ఒకటి చూడ్డానికి సూపర్‌గా ఉంది. రెండోదే జున్ను. నాలుగో వారంలో తోటివి నిలబడే టైమ్‌కి ఇది కాళ్లు బార్లా చాపి, తల ఊపుతూ, రెండు అడుగులేసి పక్కకి పడిపోయేది. దీన్ని ఎవరూ తీసుకోరని తేలిపోయింది. నిద్రపుచ్చేద్దామా అన్న మాట కూడా వచ్చింది ఇంట్లో. నేను డాక్టర్ గారిని ఒక్కటే అడిగాను, ఇది రోజురోజుకీ ఎక్కువవుతుందా అని. "వైరస్ చేసిన దెబ్బ చేసేసింది. చిన్నమెదడు ఇంకా తయారవుతున్న టైమ్‌లో పాడైంది. అది తిరిగి రాదు, అలాగని పెరిగేదీ కాదు. నొప్పి లేదు. కుక్కే అలవాటు పడుతుంది" అన్నారు. ఎన్నేళ్లు బతుకుతుందని అడిగితే మాత్రం నవ్వి ఊరుకున్నారు.

నేను హైదరాబాద్ తెచ్చేసుకున్నాను. ఫ్లాట్‌లో టైల్స్ మీద జారిపోతుంటే రబ్బరు మ్యాట్లు పరిచాను. గిన్నె ఎత్తులో పెట్టాను, లేకపోతే తల ఊపుకి ముక్కు మొత్తం అన్నంలోనే. ఆరు నెలలకి పరిగెత్తడం నేర్చుకుంది. మలుపు తిరగడం ఇంకా రాలేదనుకోండి, అందుకే బీరువా.

ఇక్కడ నేను తప్పు అంచనా వేసింది రెండో పిల్ల విషయంలో. బాగానే ఉంది కదా అని దాన్ని కడియంలో తెలిసినవాళ్లు తీసుకెళ్లారు. ఏడాది వయసులో వాళ్లు గమనించారు, కుడివైపు బంతి వేస్తే అసలు చూడట్లేదని. ఆ కంట్లో రెటీనా సరిగ్గా ఏర్పడలేదు. కుక్కపిల్ల పుట్టినప్పుడు రెటీనా పూర్తిగా తయారై ఉండదు, కొన్ని వారాలు పెరుగుతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే వైరస్ వచ్చింది మరి. కాబట్టి ఇలాంటి ఈతలో బతికిన పిల్ల పైకి ఎంత బాగున్నా కళ్లు, చెవులు ఒకసారి చెక్ చేయించండి.

నన్ను అసలు భయపెట్టేది కిడ్నీలు. ఈ వైరస్ పసిపిల్లల్లో కిడ్నీల మీద గట్టిగా దెబ్బ కొడుతుంది. కుక్కపిల్లకి పుట్టాక కూడా మొదటి రెండు మూడు వారాలు కిడ్నీలో వడపోత భాగాలు తయారవుతూనే ఉంటాయి. అక్కడ మచ్చలు పడితే ఏళ్ల తర్వాత బయటపడొచ్చు. మామూలు క్రియాటినిన్ టెస్ట్ ఆలస్యంగా పలుకుతుంది, కిడ్నీ పని దాదాపు మూడొంతులు పోయాకే పెరుగుతుంది. అందుకే మేం ఏడాదికోసారి యూరిన్ చిక్కదనం కూడా చూపిస్తాం, ఎస్‌డీఎంఏ అనే రక్తపరీక్ష దొరికితే అదీ. ఇప్పటిదాకా రిపోర్టులు ఓకే. రిపోర్ట్ వచ్చే రోజు మాత్రం నాకు పొద్దున్నుంచి అన్నం సహించదు.

ఇంకోటి. వైరస్ పోలేదు. బతికిన కుక్క నరాల్లో జీవితాంతం నిద్రపోతూ ఉంటుంది. బీటెక్ భాషలో చెప్పాలంటే యాప్ క్లోజ్ చేశాం, అన్‌ఇన్‌స్టాల్ అవ్వలేదు. బాగా ఒత్తిడి పడితే, లేదా స్టెరాయిడ్లు వాడితే మళ్లీ లేవొచ్చు, కొన్నిసార్లు కంట్లో పుండులా. అందుకే కొత్త డాక్టర్ దగ్గరికెళితే మొదటి వాక్యం ఇదే చెప్తాను. దురద అనగానే స్టెరాయిడ్ రాసేవాళ్లు ఉంటారు కదా. జున్నుకి ఆపరేషన్ కూడా చేయించేశాను, దానికి పిల్లలు వద్దు.

దీన్ని పార్వోతో కలిపేయకండి. పార్వో ఎక్కువగా నెలన్నర దాటిన పిల్లలకి వచ్చే వాంతులు, రక్త విరేచనాలు. దాన్నుంచి బయటపడ్డవాటి కథ వేరే. 2018లో వచ్చిన ఒక జర్మన్ స్టడీలో అలా బతికిన కుక్కల్లో 42 శాతానికి తర్వాత కూడా కడుపు సమస్యలు కనిపించాయి, పార్వో రానివాటిలో 12 శాతానికే. మనం మామూలుగా వేయించే వ్యాక్సిన్లలో పార్వో ఉంటుంది, హెర్పిస్ ఉండదు. యూరప్‌లో దీనికి కడుపుతో ఉన్న కుక్కకిచ్చే టీకా ఉంది. అలాగని జున్నులాంటివాటికి మామూలు టీకాలు మానేయకూడదు.

ఇప్పుడు చెప్పాల్సిన మాట. ప్రసవానికి ముందు మూడు వారాలు, తర్వాత మూడు వారాలు, ఈ ఆరు వారాలు తల్లిని వేరే కుక్కల దగ్గరికి రానివ్వకూడదు. అంతకుముందు ఎప్పుడూ ఈ వైరస్ తగలని తల్లికి ఆ టైమ్‌లో తగిలితే పిల్లలకి ముర్రుపాలలో ఇవ్వడానికి దాని దగ్గర రక్షణ ఉండదు. అంటే పాలు విషం కాలేదు, పాలలో ఉండాల్సింది లేదు, అంతే.

ఆ సంక్రాంతికి మా ఫ్రెండ్ ఊరెళ్తూ వాడి బీగిల్‌ని నా దగ్గర వదిలాడు. నేను దాన్ని కార్లో వేసుకుని రాజమండ్రి తీసుకెళ్లాను. దానికి ముక్కు కారుతోంది. ఏసీ పడలేదనుకున్నాను. మూడు రోజులు రాణి గిన్నెలోనే తింది, రాణి మూతి నాకింది.

అదే కారణమని రుజువు లేదు. కానీ లెక్క కుదురుతోంది. ఏడాది దాకా పిన్నికి చెప్పలేకపోయాను. చెప్పిన రోజు ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇన్నాళ్లూ దాని పాలని తిట్టానురా" అంది. అంతే, పెట్టేసింది.

పోయినేడు రాణి మళ్లీ కట్టింది. ఒకసారి వచ్చిన తల్లికి రక్షణ తయారవుతుంది, తర్వాతి ఈత సాధారణంగా బాగానే ఉంటుందని డాక్టర్ గారు చెప్పారు. అయినా పిన్ని ఆరు వారాలు గేటుకి తాళం వేసింది. నేను ఆఫీసు పని మీద రాజమండ్రి వెళ్లి, దారిలో స్వీట్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. "డబ్బా గోడ మీద పెట్టి వెళ్లు నాన్నా, నువ్వు ఇంట్లో జున్నుని ముట్టుకుని వచ్చావు" అంది. లోపల్నుంచి వీడియో కాల్ చేసి చూపించింది. ఆరు పిల్లలు, పైన బల్బు, కింద మందంగా గోనెసంచి, దాని మీద బాబాయ్ పాత పంచె.