ఒక కాలా, రెండు కాళ్లా?

(స్వర్ణోత్సవ సభలో, డాక్టరుగా పనిచేస్తున్న ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)

 

మనం చదువుకునే రోజుల్లో మౌలాలి గుట్ట మెట్లు పరుగున దిగడం ఒక పందెం. మోకాలు చీరుకుపోయేది. టీచరు టింక్చర్ రాస్తే మంటకు కేకలు పెట్టేవాళ్లం. మర్నాటికి పక్కు కట్టేది. ఆ పక్కు గురించే నేనివాళ మాట్లాడతాను.

రక్తనాళం తెగగానే ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలు పరుగెత్తుకొచ్చి అక్కడ అతుక్కుంటాయి. వాటి చుట్టూ ఫైబ్రిన్ అనే పోగులు వల అల్లుతాయి. ఆ వలలో రక్తకణాలు చిక్కుకుని గడ్డ అవుతుంది, రక్తం ఆగుతుంది. గాయం మానాక శరీరమే ఆ గడ్డను కరిగించుకుంటుంది. ఈ ఏర్పాటు లేకపోతే చిన్న దెబ్బకే ప్రాణం మీదికి వచ్చేది.

గాయం లేని చోట, నాళం లోపలే గడ్డకడితే మాత్రం చిక్కు. ఎందుకు కడుతుందో 19వ శతాబ్దంలోనే జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్చో పరిశోధించాడు. ఆయన పేరుతో నేటికీ మూడు కారణాలు చెప్పుకుంటాం: రక్తం నడక మందగించడం, నాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. ఆయన పుట్టినరోజు అక్టోబరు 13నే ఇప్పుడు ప్రపంచ థ్రాంబోసిస్ దినంగా జరుపుతున్నారు.

మొదటి కారణం మనందరిదీ. నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసిన ప్రతిసారీ కాలిలోని రక్తాన్ని గుండెవైపు నెడుతుంది. కదలకపోతే రక్తం అక్కడే నిలుస్తుంది. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు, షెల్టర్లలో రాత్రంతా కుర్చీల్లో కూర్చున్నవాళ్లు కొందరు ఊపిరితిత్తుల్లో గడ్డ చేరి చనిపోవడం అక్కడి వైద్యులు గమనించారు. ఇవాళ అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే మనం గంటల తరబడి విమానంలో అలాగే కూర్చుంటున్నాం.

ఇక నేను చెప్పడానికి కష్టపడే మాట. మా బ్యాచ్ మిత్రుడొకడికి కాలు విరిగి పిండికట్టు వేశారు. కట్టు విప్పిన వారానికి నాకు ఫోన్ చేశాడు. "పిక్క పట్టేసిందిరా, వాచింది కూడా" అన్నాడు. నేను ఒక పెళ్లి హడావుడిలో ఉన్నాను. "కట్టు తీశాక అట్లనే ఉంటదిలే, సాయంత్రం వచ్చి చూస్తా" అన్నాను. ఈలోపు ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ నూనె వేడిచేసి మర్దన చేశారు. మధ్యాహ్నం లేచి నాలుగడుగులు వేసి, ఆయాసంతో కుప్పకూలాడు. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. కాలిలోని గడ్డ ఊడి, గుండె మీదుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి దారి మూసేసింది.

నూనె రాసినవాళ్ల తప్పేమీ లేదు. వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. నేను అడగాల్సింది ఒకే ప్రశ్న: "వాచింది ఒక కాలా, రెండు కాళ్లా?" ఒక కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే అది గడ్డ కావచ్చు. మర్దన చేయకండి, కాపడం పెట్టకండి. అదే రోజు డాక్టరుకు చూపించి డాప్లర్ స్కాన్ చేయించండి. ఆపరేషన్, పిండికట్టు, కాన్సర్, కాన్పు, గర్భనిరోధక మాత్రలు, ఇంట్లో ఎవరికైనా గడ్డలు వచ్చి ఉండటం, ఇవి ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

గడ్డ మెదడు సిరల్లోనూ కట్టవచ్చు. మన పంజాగుట్ట నిమ్స్ వైద్యులు ఇలాంటి 428 మంది రోగుల వివరాలను 2012లో ప్రచురించారు. ఇది బాలింతల జబ్బని అనుకునేవాళ్లం. వాళ్లలో సగానికి పైగా మగవాళ్లే, ఎక్కువమంది వయసులో ఉన్నవాళ్లే. రక్తహీనత, మద్యం కూడా కారణాల్లో కనిపించాయి. కాబట్టి బాలింతను మంచం దిగనివ్వకపోవడం, నీళ్లు తాగనివ్వకపోవడం మానుకుందాం. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించి కూర్చోవద్దు.

ధమనిలో గడ్డ అడ్డుపడితే గుండెపోటు, పక్షవాతం. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా గడియారం చూసుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు.

సిరల్లోని గడ్డకు మందులున్నాయి. రక్తం పలచబడే మాత్రలని మనం అనేవి నిజానికి గడ్డ పెరగకుండా ఆపుతాయి. కరిగించే పని శరీరం నెమ్మదిగా చేసుకుంటుంది. అందుకే సాధారణంగా కనీసం మూడు నెలలు వాడాలి. వాపు తగ్గిందని సొంతంగా ఆపొద్దు. వార్ఫరిన్ వాడేవాళ్లు తోటకూర, పాలకూర మానక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు మాత్రం వేసుకోకండి, రక్తస్రావం కావచ్చు.

మా మిత్రుడి నంబరు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. మీకెవరైనా ఫోన్ చేసి కాలు వాచిందంటే, నేను అడగని ప్రశ్న మీరు అడగండి.

సభ మొదలై గంట దాటింది. గురువుల అనుమతితో అందరం ఒకసారి లేచి నాలుగడుగులు వేద్దాం.