బాలుర ఫుట్‌బాలు పోటీలు

(పఠనమందిరమునందు మేము గావించిన ఉపన్యాసము)



పిల్లల ఆటలనుగూర్చి పెద్దల సభలో ప్రసంగింపనేల యని మీలో కొందరికి తోచవచ్చును. ఆడుట పిల్లలు తమంతట నేర్తురు; పోటీలను మాత్రము పెద్దలే ఏర్పరుపవలెను. కావుననే ఈ మాట మీతో చెప్పవలసియున్నది.

హైదరాబాదునందు సయ్యద్ అబ్దుల్ రహీంగారను ఉపాధ్యాయులొకరుండిరి. వారి శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియాక్రీడల స్వర్ణపతకములను గెలిచెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానము నందెను. ఈ విజయముల నెరిగినవారు పెక్కుమంది. వీని వెనుకనున్న చిన్నపోటీల నెరిగినవారు అరుదు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను, బంతిని తనయొద్ద నిలుపుకొనక తోటివాని కందింపవలసిన పోటీలను రహీంగారు నడపిరి.

ఇందలి యుక్తిని పరిశీలింపుడు. కుడికాలి వాటముగల బాలునకు ఎడమకాలి యభ్యాసమును నూరుమారులు బోధించినను, ఆట వేడిలో వాడు కుడికాలినే చాచును. కుడికాలు నిషిద్ధమైన పోటీలో నిలిపినచో తొలినాడు నవ్వులపాలగును. క్రమముగా ఆ కాలును వానికి వశమగును. బంతిని విడువనొల్లని మేటి ఆటకాడు సయితము, అందించినగాని ఆట సాగని నియమము క్రింద తోటివానిని కన్నెత్తి చూడ నేర్చును. ఉపదేశము చేయలేని పనిని నియమము చేయును. పోటీలవలని లాభములలో మిన్న యిదియే. ఇది బాలురకెంతయో బాలికలకును అంతయే.

మరి మనమేమి చేయుచున్నాము? కప్పు గెలువవలెనను ఆత్రమున పొడుగరులను, బలిష్ఠులను ఏరి నిలిపి, చిన్నవారిని గట్టుమీద కూర్చుండబెట్టుచున్నాము. కొన్నితావుల వయస్సు తగ్గించి వ్రాయుటకును వెనుదీయుటలేదు. తొలి యాటలో ఓడిన జట్టును నాడే ఇంటికి పంపుచున్నాము. ఎవరికి ఆట మిక్కిలి యవసరమో వారికే అది లేకుండ చేయుచున్నాము! ఓడి మరునాడు మరల ఆడిన బాలునకు ఓటమి గురువగును. ఓడి ఇల్లు చేరినవానికి అది అవమానముగనే మిగులును.

మేము కోరునది స్వల్పము. మీ పేటలో పోటీ పెట్టునప్పుడు ప్రతి జట్టునకును మూడాటలైన దక్కనిండు. ప్రతి పిల్లవానిని కొంతసేపైనను మైదానమున దింపుడు. ఒకపూట రహీంగారి పద్ధతిని ఆడింపుడు. గట్టున నిలిచి కేకలువేయు తండ్రులు ఆ కాసేపు మౌనము వహింతురుగాక! కప్పు ఒక జట్టునకే చెందును. ఆటవలన గలుగు శిక్షణము అన్ని జట్లకును చెందునట్లు చేయుట పెద్దలమగు మన విధి.