విమానాల పొగ: లెక్క, కొలత

భూగర్భంలోకి దిగి ఆకాశం సంగతి తెలుసుకున్న జిల్లా మనది. విశ్వకిరణాలు పైగాలిని ఢీకొన్నప్పుడు పుట్టే న్యూట్రినోల జాడను 1965లో కోలారు బంగారు గనుల్లోనే పట్టారు. ఆ పనిలో ఉన్న టాటా మౌలిక పరిశోధనా సంస్థదే హైదరాబాదులోని బెలూన్ కేంద్రం కూడా. అక్కడి నుంచి ఎగిరిన ఒక బెలూన్ గురించే ఈ స్మారకోపన్యాసం. విమానాల పొగ విషయంలో లెక్క ముందు పరుగెత్తడం, కొలత వెనకాల వచ్చి దాన్ని సరిదిద్దడం కొత్త కాదు. మన ఆకాశంలో ఆ బెలూన్‌కు కనిపించిన మసి పొరల్ని కూడా ఆ చరిత్ర తెలిసి చూడాలన్నది నా వాదన.

ధ్వనిని మించిన వేగంతో పోయే విమానాల నైట్రోజన్ ఆక్సైడ్లు ఓజోన్‌ను హరిస్తాయని 1971లో శాస్త్రవేత్త హెరాల్డ్ జాన్‌స్టన్ లెక్కగట్టి చెప్పాడు. 1994లో న్యూజిలాండ్ దగ్గర నాసా వారి ఈఆర్-2 విమానం అలాంటి విమానమైన కాంకార్డ్ వదిలిన పొగలోంచి దూసుకుపోయి కొలిచింది. నైట్రోజన్ ఆక్సైడ్లు నేల మీది ఇంజన్ పరీక్షలు చెప్పినంతే తేలాయి. సూక్ష్మ కణాలు మాత్రం ఊహకు అందనన్ని. ఇంధనంలోని గంధకం అంత త్వరగా ఆమ్లమై కణాలవుతుందని ఎవరూ అనుకోలేదు.

2010 మార్చి 17న హైదరాబాదు బెలూన్ మోసుకెళ్ళింది ఏథలోమీటర్‌ను. అది గాలిని ఫిల్టర్ పట్టీ గుండా పీల్చి, దాని మీద పేరుకున్న మసి ఎంత వెలుతురును అడ్డుకుంటోందో చూస్తుంది. 8 కి.మీ. ఎత్తున గాలి పీడనం నేల మీది దాంట్లో మూడో వంతే; పంపు ఎంత గాలి పీల్చిందో సరిగ్గా తెలియకపోతే లెక్కంతా తారుమారే. ఎత్తుతో తగ్గిపోవాల్సిన మసి 4.5 కి.మీ. దగ్గర ఒకసారి, 8 కి.మీ. దాటాక మరోసారి పెరిగింది. విమానాల మసిని కూడా కలిపితేనే కంప్యూటర్ నమూనాలో పై పొర కనిపించిందని 2017లో గౌరవ్ గోవర్ధన్, ఎస్.కె. సతీశ్ ప్రభృతులు చూపారు. ఆ మసి స్ట్రాటోస్ఫియర్ దాకా పోయి ఓజోన్‌కు చేటు తేవచ్చనీ అన్నారు.

మార్చిలో అడవులు తగలబడతాయి, ఆ పొగే పైకెక్కి ఉండకూడదా అని అడగవచ్చు. నేల మీది పొగ ఒక్కటే చాలదని నమూనా అంటోంది గానీ, గాలి పైకి లేచే తీరు అందులో సగం అంచనాయే. జెట్లు 10 కి.మీ. పైన కదా ఎగిరేది అన్నది ఇంకో ఆక్షేపణ. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ 8 కి.మీ. దాటకుండా ఏ జెట్టూ పోదు. అసలు చిక్కు వేరే ఉంది. నమూనా ఆకాశాన్ని పెద్ద గడులుగా విడగొట్టి, ఒక్కో గడి మొత్తానికీ పొగను ఒక్కసారిగా పరిచేస్తుంది. నిజానికి అది గంటల తరబడి సన్నని చారగానే ఉంటుంది, రసాయన చర్యలూ ఆ చారలోనే జరుగుతాయి. కాబట్టి ఈ తక్కువ ఎత్తుల్లో నైట్రోజన్ ఆక్సైడ్ల వల్ల పుట్టే ఓజోన్‌ను నమూనా ఎక్కువ చేసి చూపగలదు. మసి అంతగా మారేది కాదు గనక దాని లెక్కను నేను నమ్ముతాను, ఓజోన్ దాకా లాగిన మాటను ఇంకా నమ్మను.

తేల్చుకునే దారి ఉంది. మసితో పాటు కార్బన్ మోనాక్సైడును కూడా కొలవాలి: అడవి పొగలో అది దండిగా ఉంటుంది, పైన ఎగిరే జెట్ పొగలో స్వల్పం. మన నంగలి మీదుగా తిరుపతికి పోయే దారిలో ఉన్న గాదంకి రాడార్, కొలిచిన పూట అక్కడి పైగాలి ఎటు వీచిందో చెప్పగలదు. ఆ పొగ దేనిదో చెప్పాల్సింది మాత్రం బెలూన్ మీది పరికరమే.