పత్తికోట: నీరు కట్టిన మెట్లు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వేడినీటి బుగ్గలు మనకు క్రొత్తవి కావు. ఢిల్లీ కొలువులోనున్నవారిలో పలువురు ఏదో ఒక సెలవుదినమున సోహనా గంధకపు ఊటను చూచి వచ్చినవారే. కులూ ప్రాంతమునకు పోయినవారు మణికర్ణమున సలసల కాగు నీటిలో బియ్యపు మూటను ముంచి అన్నము వండుట చూచియుందురు. భద్రాచలమునకు చేరువ గుండాలయొద్దను వేడినీటి ఊట కలదు. ఇవన్నియు నీటిని ఇచ్చునవే. ఆ నీరు తానే కొండచరియను కప్పి, దానికి మెట్లు తీర్చి, మెట్టుమెట్టున ఒక తొట్టిని మలచిన చోట్లు మాత్రము లోకమున బహు కొద్ది. వానిలో మిక్కిలి పేరుగన్నది తుర్కీ దేశపు నైరుతి భాగమున, దెనిజ్లి నగరమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరముననున్న పముక్కలె. ఆ దేశభాషలో పముక్ అనగా పత్తి, కలె అనగా కోట. మన కర్నూలు జిల్లాలో పత్తికొండ యున్నది. అక్కడ పత్తికోట యున్నది.

మైదానము నుండి సుమారు 200 మీటర్ల ఎత్తునకు లేచిన చరియ అది. లోయకు ఆవలనుండి చూచువారికి మంచు కురిసినదా యనిపించును. దగ్గరకు పోయినచో అది మంచు కాదు, రాయి. అరకులోయ కొండవాలున అంచెలంచెలుగా కట్టిన వరిమళ్లను తలచుకొనుడు. ఆ మళ్ల గట్లు పాలరాతివలె తెల్లనివై, మళ్లలో పైరునకు బదులు లేతనీలపు నీరు నిలిచియున్నచో ఎట్లుండునో అట్లుండును.

ఇది ఎట్లు ఏర్పడినదో తెలిసికొనుటకు రసాయనశాస్త్రము చదివియుండ నక్కరలేదు. ఉప్పునీటి బావి గల ఇంట నీళ్లు కాచు పాత్ర అడుగున తెల్లని పెచ్చు కట్టుట గృహిణులందరు ఎరిగినదే. గోలీసోడా సీసా గోలీని నొక్కగనే బుసబుసమని వాయువు వెలికి వచ్చుట పిల్లలెరుగుదురు. ఈ రెండును కలిసినదే పముక్కలె. భూగర్భమున బొగ్గుపులుసు వాయువు కలసిన వేడినీరు సున్నపురాతిని కరగించుకొని పైకి వచ్చును. వెలికి రాగానే వాయువు ఎగిరిపోవును. దానితో సున్నపురాతిని కరగియుంచు శక్తి నీటికి లోపించును. అప్పుడు సున్నము మొదట మీగడవలె మెత్తగా పేరుకొని, పిదప గట్టిపడి రాయియగును. తొట్టి అంచున నీరు పలుచనై చిందుచు పొరలును గనుక అచ్చట వాయువు త్వరగా పోయి సున్నము ఎక్కువగా దిగును. అందుచేత గట్టు తనంతట తానే పెరుగును. ఏ మేస్త్రియు కట్టని గట్టు అది.

ఈ చరియ నెత్తిన హియెరాపొలిస్ అను నగరమును క్రీ.పూ. 2వ శతాబ్దిలో పెర్గామము రాజులు నెలకొల్పిరి. పిదప అది రోము సామ్రాజ్యమున చేరెను. విట్రూవియస్ అను రోమను వాస్తుశాస్త్రజ్ఞుడు ఇక్కడి రైతుల యుక్తిని వ్రాసియున్నాడు. వారు తోటలచుట్టు కాలువలు త్రవ్వి ఈ నీటిని పారింతురట. ఏడాది తిరుగునప్పటికి కాలువ రాయియై ప్రహరీగోడగా మారునట. స్ట్రాబో అను గ్రీకు భూగోళజ్ఞుడు ఈ నీరు ఉన్నికి రంగు వేయుటకు మిక్కిలి అనువైనదని చెప్పెను. దెనిజ్లి నేటికిని తువాళ్లకు ప్రసిద్ధి. నీటిని నమ్ముకొని బ్రతికినవారు వైద్యులు, పూజారులు మాత్రమే కారన్నమాట మరువరాదు.

పూజారుల సంగతియు విచిత్రమైనది. నగరమున పాతాళాధిపతి ప్లూటో ద్వారమని ఒక గుహ కలదు. దానిలో అడుగిడిన జంతువు చచ్చిపడునని, తాను పిచ్చుకలను విసరగా అవి తక్షణమే చచ్చెనని స్ట్రాబో వ్రాసెను. పూజారులు మాత్రము ఊపిరి బిగబట్టి లోనికి పోయి క్షేమముగా వచ్చుచుండిరట. ఇటలీ పురావస్తు శాస్త్రజ్ఞులు ఆ ద్వారమును కనుగొన్నట్లు 2013లో ప్రకటించిరి. 2018లో వెలువడిన పరిశీలన దాని గుట్టును తెలిపినది. గాలికంటె బరువైన బొగ్గుపులుసు వాయువు నేలనంటి మడుగువలె నిలుచును. తల క్రిందుగానున్న పశువు దానిలో మునిగి చచ్చును. నిలువెత్తు మనిషి తల ఆ మడుగునకు పైనుండును. తెల్లని మెట్లను కట్టు వాయువే ఇక్కడ ప్రాణము తీయుచుండెను.

ఇక చికిత్స మాట. రెండువేల యేండ్లకు పైగా రోగులు ఈ నీటిని వెదకికొని వచ్చుచున్నారు. నగరద్వారము దాటినచో బాటకు ఇరువైపుల వేయికి మించిన సమాధులు కానవచ్చును. స్వస్థతకై వచ్చి ఇక్కడనే కన్నుమూసినవారు వారిలో అనేకులని చెప్పుదురు. అందరును రోగులు కారు. ఇటలీకి 72 మారులు ఓడప్రయాణము చేసితినని తన సమాధిపై చెక్కించుకొన్న ఫ్లావియస్ జ్యూక్సిస్ అను వర్తకుడును అక్కడనే యున్నాడు. వేడినీటిలో బిగిసిన కండరములు సడలును, కీళ్లనొప్పి కొంత ఉపశమించును. ఇంతవరకు వైద్యులును అంగీకరింతురు. సర్వరోగ నివారిణి యనుట వ్యాపారులు చెప్పు మాట. హృద్రోగులు, గర్భిణులు వైద్యుని సలహా లేక దిగరాదు. భూకంపమున కూలిన స్తంభములు అడుగున పడియున్న కొలనొకటి కలదు. దానిలో క్లియోపాత్ర స్నానమాడెనని చెప్పుదురు గాని, అందుకు చారిత్రకాధారము లేదు.

ప్రకృతి నిర్మించిన ఇట్టి మెట్లను ప్రకృతియే హరించుటయు కలదు. న్యూజీలండులో గులాబి, శ్వేత సోపానములని జగత్ప్రసిద్ధములైనవి రెండు ఉండెడివి. మావోరీలు మార్గదర్శకులై విదేశీయులను పడవలలో తీసికొనిపోయి చూపుచుండిరి. 1886 జూన్ 10న తరవేరా అగ్నిపర్వతము ప్రేలి, నూరుమందికి పైగా ప్రాణములు తీసి, ఆ సోపానములను ఒక్క రాత్రిలో మాపివేసెను. దానికి ఎవరిని నిందింపగలము?

పముక్కలెకు వచ్చిన చేటు అట్టిది కాదు. 20వ శతాబ్దిలో యాత్రికుల సౌకర్యమునకై చరియ నెత్తిన, పురాతన శిథిలముల నడుమనే హోటళ్లు వెలసెను. తెల్లని వాలుమీదుగా మోటారుబాట వేసిరి. ఊటనీరు హోటళ్ల ఈతకొలనులకు మళ్లింపబడెను. యాత్రికులు చెప్పులతో మెట్లపై తిరిగిరి. పారు నీరు కరవైన రాయి క్రొత్తపొర లేక మాసి గోధుమరంగునకు తిరిగెను. ఆరోగ్యమునకై వచ్చినవారివలన ఆ చరియయే రోగగ్రస్తమైనది. ఇందులో ఎవరును దుర్మార్గులు కారు. హోటలు యజమాని బ్రతుకుతెరువు చూచుకొనెను, యాత్రికుడు సుఖము చూచుకొనెను, అనుమతుల కాగితములు క్రమముగనే నడచియుండును. కచేరీలలో పనిచేయువారికి ఈ తరహా నష్టము సుపరిచితమే.

1988లో పముక్కలె, హియెరాపొలిస్ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చబడెను. తదుపరి హోటళ్లను పడగొట్టించిరి. మోటారుబాటను తొలగించి దాని స్థానమున కృత్రిమముగ తొట్లు కట్టి ఊటనీరు వదలిరి. అన్ని మెట్లకును ఒక్కసారి చాలునంత నీరు లేదు గనుక, మన కాలువలక్రింది రైతులకు వంతులున్నట్లే, మెట్లకును వంతులు ఏర్పరచిరి. నేడు నీరందిన మెట్టు రేపు ఎండును. ఎండినది ఎండలో తెల్లబడును. వసతి కోరువారు క్రిందనున్న గ్రామమునకో, కొలది కిలోమీటర్ల దూరమున ఇనుము కలిసి ఎర్రబారిన ఊటలు గల కరహయిత్‌కో పోవలెను. వేడినీటి స్నానపు హోటళ్లు ఇప్పుడు అక్కడ నడచుచున్నవి.

మెట్లనన్నిటిని నీటితో నిండుగా చూపు చిత్రములను నమ్మి పోయినవారు కొందరు అక్కడ ఎండిన తొట్లను చూచి మోసపోతిమని అలిగెదరట. వారు వంతు సంగతి ఎరుగరు. పోదలచినవారు తెల్లవారగనే గాని, ప్రొద్దు వాలునప్పుడు గాని పోవుట మంచిది. నడియెండలో ఆ తెలుపు కన్నులకు ఓర్వరానిది. చెప్పులు చేతబట్టుకొనవలెను. రాయి పాదములకు గరుకుగా తగులును, మెత్తని సున్నపు అడుసు వ్రేళ్లసందున దూరును, పాదములను తడుపుచు గోరువెచ్చని నీరు పారుచుండును. త్రోవ తప్పి మూసియుంచిన మెట్టుపై కాలిడినచో కావలివాడు ఈల వేయును.