కిటికీ గ్రిల్లుకు తలుపు

ఇల్లు కట్టుకొనునపుడు మనము సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఇనుము కొని, వెల్డింగు పనివానికి కిటికీ కొలతలిచ్చి, "దొంగ దూరరాదు" అని మాత్రమే చెప్పుదుము. మనము వెలుపలికి వచ్చు దారి మాట తలపెట్టము.

2023 మార్చిలో ఈ నగరమున స్వప్నలోక్ భవనము అంటుకొన్నపుడు ఆరుగురిని పొట్టనబెట్టుకొన్నది పొగయే. పొగ మనకిచ్చు వ్యవధి స్వల్పము.

కావున గదికొక గ్రిల్లునైనను మడతబందులపై తలుపువలె తెరచుకొనునట్లు చేయింతము. గడియ లోపలివైపున, పిల్లలకును అందునట్లుండవలెను. మేడపై నున్నవారికి నిచ్చెన వేయువారును ఆ దారినే రావలెను గదా! అతుకులపై చిట్టెము రాల్చి రెడ్ ఆక్సైడు పూయనిచో బందులు తుప్పుపట్టి బిగియును. నెలకొకమారు తెరచి చూతము.

దొంగను ఆపు ఇనుము మనలను ఆపరాదు.